ఆవు లేని నత్రజని చక్రం

నత్రజని చక్రం బొమ్మ గీయమంటే మా డిగ్రీ పిల్లలు ముందు ఆవును గీస్తారు. తర్వాత చెట్టు, పైన మేఘం, మేఘంలోంచి మెరుపు, కింద పొలం, పొలంలో ఎరువు చల్లుతున్న రైతు. ఇవన్నీ అయ్యాక కాగితంలో చోటు మిగిలితే మట్టిలో నాలుగు చుక్కలు పెట్టి ‘బ్యాక్టీరియా’ అని రాస్తారు. వాళ్లను అనడానికేం లేదు, స్కూలు పుస్తకంలో బొమ్మ అలాగే ఉంటుంది. అనంతపురంలో మైక్రోబయాలజీ చెప్పుకుంటూ బతుకుతున్న నాకు మాత్రం మనసంతా ఆ నాలుగు చుక్కల మీదే. చక్రాన్ని తిప్పేవి అవి. ఆవూ చెట్టూ రైతూ ఆ తిరుగుడు మీద ఆధారపడ్డవాళ్లు.

ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా పిల్లల మనసుకు ఎక్కదు. ఆవు కళ్లెదుట ఉంటుంది, బ్యాక్టీరియా ఉండదు. అందుకని కొన్నేళ్లుగా ఈ పాఠాన్ని నేను అంటార్కిటికాలో మొదలుపెడుతున్నాను. అక్కడ ఒక చోట ఆవు లేదు, చెట్టు లేదు, గడ్డిపరక లేదు. వాన పడదు. ఉరుములు, మెరుపులు దాదాపు ఉండవు. అయినా నత్రజని చక్రం తిరుగుతోంది, కొన్ని చోట్ల అతి నిదానంగా, కొన్ని చోట్ల సగం తిరిగి ఆగిపోయి. ఆ ఆగిపోయిన చోట్లే నాకు అన్నిటికన్నా ఇష్టం. పనిచేసే యంత్రాన్ని చూస్తే లోపల ఏముందో తెలియదు, ఆగిన చోట విప్పి చూస్తేనే తెలుస్తుంది.

ఆ చోటు పేరు మెక్‌మర్డో డ్రై వ్యాలీస్. రాస్ సముద్రం అంచున, ఇంచుమించు 77 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉన్న పొడి లోయలు. అంటార్కిటికా నేలలో 98 శాతం మంచు కిందే ఉంటే, ఈ లోయల్లో మాత్రం రాయీ మట్టీ బయటికి కనిపిస్తాయి. ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 15 నుంచి మైనస్ 30 డిగ్రీల మధ్య ఉంటుంది. కురిసే కాస్త మంచు కూడా, కరిగించి కొలిస్తే, ఏడాదికి వంద మిల్లీమీటర్లు దాటదు. అందులో ఎక్కువ భాగం నీరు కాకముందే పొడిగాలికి ఆవిరైపోతుంది. 1903 డిసెంబరులో బ్రిటిష్ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్ ఇటు దిగి వచ్చినప్పుడు, ఒక సీల్ అస్థిపంజరం తప్ప జీవమన్నది కనబడలేదు. నాచు కూడా లేదు. అది చచ్చిన లోయ అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆయన కాళ్ల కింద మట్టిలో ఏముందో చూడగల పరికరాలు ఆయన దగ్గర లేవు.

ముందుగా చక్రంలోని బాణాలను ఒకసారి చెప్పుకుందాం, ఇవి లేకుండా ముందుకు పోలేం. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ ఆ రెండు పరమాణువుల మధ్య మూడు బంధాల ముడి ఉంది, దాన్ని మొక్కలూ జంతువులూ విప్పలేవు. కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే విప్పి అమ్మోనియాగా మారుస్తాయి, అది స్థిరీకరణ. ఆ అమ్మోనియాను మరికొన్ని సూక్ష్మజీవులు ఆక్సిజన్ సాయంతో నైట్రైట్‌గా, వేరే కొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా చేస్తాయి. ఇది నత్రీకరణం. ఈ పనిని రెండు వేర్వేరు జట్ల బ్యాక్టీరియా వంతులవారీగా చేస్తాయని 1890 ప్రాంతంలో తేల్చినవాడు రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. చివరిది వినత్రీకరణం. ఆక్సిజన్ దొరకని చోట బతికే బ్యాక్టీరియా నైట్రేట్‌తోనే ఊపిరి తీసుకుంటాయి. నైట్రేట్ మళ్లీ నైట్రైట్, అది నైట్రిక్ ఆక్సైడ్, అది నైట్రస్ ఆక్సైడ్, చివరికి మళ్లీ గాలిలోకి నత్రజని. ఈ చివరి మెట్లు గుర్తుంచుకోండి. నైట్రస్ ఆక్సైడ్ దగ్గర పని ఆగిందంటే ఏమవుతుందో ముందు ముందు చూస్తాం.

“మేడమ్, అంత చలికి బ్యాక్టీరియా చచ్చిపోదా?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నోటితో జవాబు చెప్పను. ల్యాబ్‌లో రెండు సీసాలు పెట్టిస్తాను. చెరువు అడుగు బురద, కాస్త పొటాషియం నైట్రేట్, కొంచెం గ్లూకోజ్, నిండా నీళ్లు, పైన మూత. ఒకటి బల్ల మీద, ఇంకొకటి ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర. పిల్లలు వాటిలోంచి కాస్త కాస్త నీరు తీసి నైట్రైట్ పరీక్ష చేస్తుంటారు. బల్ల మీది సీసా నీటికి త్వరలోనే ఎర్రరంగు వస్తుంది, మళ్లీ పోతుంది. అంటే నైట్రేట్ నైట్రైట్ అయింది, ఆ నైట్రైటూ ఖర్చయిపోయింది. ఫ్రిజ్‌లో సీసా దగ్గర మాత్రం వాళ్లకు విసుగు పుడుతుంది. రోజులు గడుస్తాయి, రంగు రాదు. “పారబోసేద్దామా మేడమ్?” అంటారు. ఉండనివ్వండిరా అంటాను. ఎన్నాళ్లకో ఒక పూట పరీక్షనాళికలో లేత గులాబీ రంగు తేలుతుంది. ఆ పూట మా ల్యాబ్‌లో కేకలు వినాలి. నలభై డిగ్రీల ఎండలు చూసిన అనంతపురం చెరువు బురద అది. దానిలోనూ చలికి ఓర్చి పనిచేసే జీవులు ఉన్నాయి.

చలి చంపేదాని కన్నా మందగింపజేసేది ఎక్కువ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే జీవక్రియల వేగం సుమారు సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. దానికి తోడు ఇంకో రెండు కష్టాలు. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర బిగుసుకుపోతుంది. చలికాలం పొద్దున నెయ్యి గడ్డకడుతుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె కట్టదు. సంతృప్త కొవ్వులకూ అసంతృప్త కొవ్వులకూ ఉన్న తేడా అది. చలిప్రాంతపు బ్యాక్టీరియా తమ పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుకుని దాన్ని మెత్తగా ఉంచుకుంటాయి. రెండో కష్టం మంచు స్ఫటికాలు. చుట్టూ నీరు గడ్డకట్టే కొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడి, కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. దానికి విరుగుడుగా ట్రెహలోజ్, గ్లిసరాల్ వంటివి లోపల కూడబెట్టుకుంటాయి. కొన్ని మంచు స్ఫటికం పెరగకుండా దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లను తయారు చేస్తాయి.

ఈ విషయంలో మన హైదరాబాదుకు పెద్ద పేరే ఉంది, అది మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ. పుష్ప మిత్ర భార్గవ నెలకొల్పిన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఎస్. శివాజీ, ఆయన సహచరులు 1980ల నుంచీ అంటార్కిటికా బ్యాక్టీరియా మీద పనిచేశారు. భారతదేశపు మైత్రి స్థావరం ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి కొత్త జాతులను వేరుచేసి, పేర్లు పెట్టి ప్రపంచానికి చూపించారు. 1992లో వర్ణించిన స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కటికస్ వాటిలో ఒకటి. అదే సంస్థలో ఎం.కె. రే బృందం సూడోమోనాస్ సిరింజే అనే అంటార్కిటికా బ్యాక్టీరియా నుంచి ఒక ఎంజైమ్‌ను వేరుచేసింది. జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ఎంజైమ్ అది. సున్నా డిగ్రీల దగ్గర కూడా అది నకలు తీస్తుందని 1999లో చూపించారు. మన పేగుల్లో ఉండే ఈ-కోలై ఎంజైమ్ ఆ చలికి చేతులెత్తేస్తుంది. తర్వాత అదే బ్యాక్టీరియాలో ఇంకో సంగతి బయటపడింది. నాలుగు డిగ్రీల దగ్గర పెరగాలంటే దానికి డీఎన్‌ఏను బాగుచేసుకునే యంత్రాంగం తప్పనిసరి. ఆ జన్యువులు తీసేస్తే మామూలు ఉష్ణోగ్రతలో బతుకుతుంది, చలిలో చచ్చిపోతుంది. అంటే చలి డీఎన్‌ఏను కూడా విరుస్తోంది, ఈ జీవులు విరిగిన దాన్ని విరిగినట్టే అతికించుకుంటూ బతుకుతున్నాయి. చలిలో బతకడం అంటే ఊరికే ఓర్చుకోవడం కాదని, అది తెరిపిలేని మరమ్మతు అని నాకు అర్థమైంది ఆ పరిశోధనల వల్లే.

సరే, మళ్లీ పొడి లోయలకు వెళ్దాం. చక్రంలో మొదటి బాణం, స్థిరీకరణ. మా జిల్లాలో దీన్ని చూపించడం చాలా సులువు. వేరుశనగ మొక్కను మట్టితో సహా పెరికి, వేళ్లకున్న బుడిపెను గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు ఉంటుంది. ఆ బుడిపెలో రైజోబియం కోవకు చెందిన బ్యాక్టీరియా కాపురం. మొక్క చక్కెర ఇస్తుంది, బ్యాక్టీరియా అమ్మోనియా ఇస్తుంది. ఒక్క నత్రజని అణువును విప్పడానికి 16 ఏటీపీ అణువుల శక్తి కావాలి, అంటే కణానికి చాలా పెద్ద ఖర్చు. వేరుశనగ ఆ ఖర్చు భరిస్తుంది. మొక్కే లేని చోట ఎవరు భరిస్తారు?

ఎండే భరిస్తుంది. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఆ కొద్ది వారాలే హిమానీనదాల అంచులు కరిగి సన్నటి వాగులు పారతాయి. ఆ వాగుల ఒడ్డున నల్లటి పొరలు పరుచుకుని ఉంటాయి. అది నోస్టాక్ అనే సైనోబ్యాక్టీరియా. పూసలదండలా ఉండే దాని కణాల వరుసలో అక్కడొకటి అక్కడొకటి మందపాటి గోడలున్న ప్రత్యేక కణాలు ఉంటాయి. నత్రజనిని విప్పే ఎంజైమ్‌కు ఆక్సిజన్ పడదు, అందుకే దాన్ని ఆ గోడల మధ్య దాచి పెడుతుంది. రామగుండంలోనో కాకినాడలోనో యూరియా కోసం ఇదే అమ్మోనియాను తయారు చేయాలంటే నాలుగు వందల డిగ్రీలకు పైబడిన వేడి, వంద రెట్లకు మించిన గాలిపీడనం కావాలి. నోస్టాక్ ఆ పనిని సున్నాకు కాస్త పైన ఉన్న మంచునీటిలో చేస్తుంది. పక్కనే నారింజ రంగు పొరలు కూడా కనబడతాయి. అవి వేరే సైనోబ్యాక్టీరియా, వాటికి గాలిలోని నత్రజనిని పట్టే శక్తి లేదు.

అక్కడ జరిగిన ఒక ప్రయోగం నన్ను కదిలించింది. ఫ్రిక్సెల్ సరస్సు పరీవాహకంలో ఒక వాగు దారి మారి, పాత కాలువ సుమారు ఇరవై ఏళ్లుగా ఎండిపోయి ఉంది. డయాన్ మెక్‌నైట్ బృందం 1990ల మధ్యలో ఆ కాలువలోకి మళ్లీ నీరు మళ్లించింది. ఇసుకలో ఎండి, చలికి బిగుసుకుని పడి ఉన్న ఆ పొరలు కొన్నాళ్లలోనే కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాయి. గాలి మోసుకొచ్చిన కొత్త విత్తనాలేం కావు, అక్కడ పడి ఉన్నవే. రెండు దశాబ్దాలు చలి వాటిని చంపలేదు. వాటిని ఆపి ఉంచింది నీరు లేకపోవడం. ఈ వ్యాసంలో మీరు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలంటే అది ఇదే: అతిశీతల ప్రాంతాల్లో నత్రజని చక్రానికి చలి పెద్ద అడ్డంకి కాదు, ద్రవరూపంలో నీరు ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

పొడి మట్టిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఎత్తయిన లోయల నేలలో నైట్రేట్ లవణాలు పేరుకుని ఉంటాయి. బ్యాక్టీరియా చేసినవేనా అంటే, చాలావరకు కాదు. ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్ ఐసోటోపులను చూస్తే ఓజోన్ ముద్ర కనబడుతుంది. అంటే అది పై వాతావరణంలో తయారై, మంచుతో, ధూళితో కిందికి దిగింది. కడిగేయడానికి వాన లేదు, తాగేయడానికి మొక్క లేదు, విరగ్గొట్టే బ్యాక్టీరియాకు తడి లేదు. అందుకని వేల ఏళ్లుగా అలాగే పోగవుతూ ఉంది. మన పొలాల్లో నైట్రేట్ నిలవదు, కొంత పైరు తీసుకుంటుంది, కొంత నీటితో బోరుబావుల్లోకి దిగుతుంది. అక్కడ నిలిచిపోయింది.

ఈ పొడి లోయల్లోనే ఒకటైన మియర్స్ లోయలో క్రెయిగ్ క్యారీ బృందం దాదాపు 250 ఏళ్ల కింద చచ్చి ఎండిపోయిన సీల్ కళేబరాన్ని ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెట్టి చూసింది. రెండు మూడేళ్లలోపే ఆ కొత్త చోటి మట్టిలో సూక్ష్మజీవుల సమూహం మారిపోయింది. ఆ కళేబరం ఎరువు అయినందుకు మారలేదు. దాని నీడన తడి కాస్త నిలిచి, ఉష్ణోగ్రత ఒడుదొడుకులు తగ్గాయి. అంతే, మార్పుకు అది చాలింది.

ఇక బోనీ సరస్సు. నన్నడిగితే ఈ లోయలన్నిటిలోనూ అతి గొప్ప ప్రయోగశాల ఇదే, దాన్ని కట్టింది ప్రకృతి. టేలర్ లోయలో హిమానీనదం వచ్చి ఆగే చోట ఈ సరస్సు ఉంది. పైన మూడు నాలుగు మీటర్ల మందాన మంచు మూత, ఎండాకాలం చలికాలం తేడా లేకుండా. కింద నీరు. పై నీరు మంచినీరు, అడుగు నీరు సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉప్పు. ఉప్పునీరు బరువు కాబట్టి రెండూ కలవవు, గాలి తాకదు కాబట్టి కలిపేవాళ్లూ లేరు. ఆ ఉప్పు వల్లే అడుగు నీరు సున్నాకు దిగువన కూడా గడ్డకట్టదు. సరస్సు రెండు భాగాలు, పడమటి పాయ, తూర్పు పాయ. మధ్యలో లోతు తక్కువ ఇరుకు దారి. పడమటి పాయలోకే బ్లడ్ ఫాల్స్ ఎర్రటి ఉప్పునీరు జారుతుంది. హిమానీనదం అడుగున ఇనుముతో నిండిన నీరు బయటికి వచ్చి గాలి తగిలి ఎర్రబడినదది. 1911లో భూగర్భ శాస్త్రవేత్త గ్రిఫిత్ టేలర్ దాన్ని మొదట చూశాడు.

మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ ప్రిస్కూ ఏళ్ల తరబడి ఈ సరస్సు లోతుల్లోంచి నీరు తీసి పరీక్షించాడు. రెండు పాయల్లోనూ వాతావరణం ఒకటే, మంచు ఒకటే, చలి ఒకటే. పడమటి పాయ అడుగున ఆక్సిజన్ లేని చోట నైట్రేట్ దాదాపు లేదు, నైట్రైట్ లేదు, నైట్రస్ ఆక్సైడ్ లేదు. వినత్రీకరణం చేసే బ్యాక్టీరియా తమ పని పూర్తి చేశాయి. తూర్పు పాయ అడుగున కూడా ఆక్సిజన్ లేనట్టే. కానీ అక్కడ నైట్రేట్ అలాగే ఉంది, నైట్రైట్ ఉంది. నైట్రస్ ఆక్సైడ్ అయితే గాలితో సమతూకంలో ఉండాల్సిన దానికి వేల రెట్లు ఉంది. సహజంగా ఏర్పడిన జలాశయాల్లో ఇంత ఎక్కువగా కనబడడం చాలా అరుదు. ప్రిస్కూ లెక్క ప్రకారం ఆ నైట్రస్ ఆక్సైడ్ చాలావరకు నత్రీకరణం చేసే జీవులు, ఆక్సిజన్ తక్కువయ్యే హద్దు దగ్గర, ఉప ఉత్పత్తిగా వదిలినది. వదిలింది సరే, దాన్ని నత్రజనిగా మార్చి పంపేసే బ్యాక్టీరియా ఏమైంది?

అవి అక్కడ లేవా అంటే ఉన్నాయి. బెస్ వార్డ్, ప్రిస్కూ కలిసి రెండు పాయల నుంచీ వినత్రీకరణ బ్యాక్టీరియాను వేరుచేశారు, 1997లో ప్రచురించారు. ల్యాబ్‌లో పోషకాలిచ్చి పెంచితే పెరిగాయి, పని చేశాయి. తూర్పు పాయలో ఉన్నప్పుడు మాత్రం పని చేయడం లేదు. ఉప్పు ఎక్కువనా? చలినా? పడమటి పాయ అడుగు ఇంకా చల్లన. ఏదైనా లోహం విషమవుతోందా, లేక కావలసిన లోహం అందడం లేదా? నైట్రస్ ఆక్సైడ్‌ను విరిచే ఎంజైమ్‌కు రాగి కావాలి, మిగతా మెట్లకు ఎక్కువగా ఇనుము కావాలి. ఒక్కొక్క అనుమానాన్నీ తీసుకుని పరీక్షలు జరిగాయి, ఇదే కారణమని ఒక్కటి తేలి నిలబడలేదు. నాకు ఈ సరస్సు ఎందుకు ముఖ్యమంటే, చక్రం అని మనం గుండ్రంగా గీసేది గుండ్రంగానే ఉండాలని రాసిపెట్టి లేదని ఇది చూపిస్తుంది. ఒక్కో బాణం ఒక్కో జీవి చేసే పని. ఆ జీవి అక్కడే ఉండి కూడా చేయకపోవచ్చు. అప్పుడు చక్రం తెగిపోయి, తెగిన చోట నైట్రస్ ఆక్సైడ్ పోగుపడుతుంది.

అదే ప్రాంతంలో వీడా సరస్సు ఉంది. దాన్ని సరస్సు అనడం కూడా కష్టమే, పదహారు మీటర్లకు పైగా గడ్డ మంచు. దాని లోపల, మంచు సందుల్లో, మైనస్ 13 డిగ్రీల చిక్కటి ఉప్పునీరు. సముద్రం కన్నా ఆరు రెట్లు ఉప్పు, ఆక్సిజన్ లేదు, వెలుతురు లేదు, బయటి ప్రపంచంతో సంబంధం తెగి కనీసం 2,800 ఏళ్లు. అలిసన్ మర్రే బృందం 2005లో, 2010లో అతి జాగ్రత్తగా తవ్వి ఆ నీరు తీసింది. 2012లో వెలువడిన ఫలితాలు చూస్తే అందులో చాలా రకాల బ్యాక్టీరియా ఉంది, అతి నెమ్మదిగా ప్రొటీన్లు కూడా చేసుకుంటోంది. అమ్మోనియా, నైట్రేట్, నైట్రస్ ఆక్సైడ్ అన్నీ ఎక్కువే.

ఇక్కడే తొందరపడకూడదు. రైట్ లోయలో డాన్ హువాన్ అనే చిన్న మడుగు ఉంది. 1961లో దాన్ని గుర్తించిన ఇద్దరు హెలికాప్టర్ పైలట్లు డాన్ రో, జాన్ హికీల పేర్లు కలిపి పెట్టిన పేరది. దాదాపు కాల్షియం క్లోరైడ్ పాకం, మైనస్ 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. ఆ మడుగు చుట్టుపక్కల మట్టి నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తోంది. కానీ అక్కడ దాన్ని తయారు చేస్తున్నది జీవం కాదని, ఇనుమున్న రాయికీ ఉప్పునీటిలోని నైట్రేట్, నైట్రైట్‌లకూ మధ్య జరిగే రసాయన చర్య అని 2010లో వ్లాదిమిర్ సమార్కిన్ బృందం చూపించింది. వీడా నైట్రస్ ఆక్సైడ్‌లోనూ కొంత ఇలా రాయి చేసినదే కావచ్చు. వాయువు దొరికింది కాబట్టి జీవం ఉందని అనేయడం కుదరదు. అంగారకుడి గేల్ బిలంలో క్యూరియాసిటీ రోవర్ నైట్రేట్ గుర్తించిందని 2015లో వార్త వచ్చినప్పుడు పిల్లలు నా దగ్గరికి పరుగున వచ్చారు. వాళ్లకు డాన్ హువాన్ మడుగు కథే చెప్పాను. నైట్రేట్ ఉండటం మంచి కబురు, అది జీవానికి సాక్ష్యం కాదు.

మంచు గడ్డలోనే జీవక్రియ జరుగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. అంటార్కిటికాలోని వోస్టాక్ స్థావరంలో తవ్వి తీసిన మంచు స్తంభంలో, కొన్ని లోతుల దగ్గర, నైట్రస్ ఆక్సైడ్ ఆనాటి గాలిలో ఉండదగిన దానికన్నా ఎక్కువగా కనబడింది. మంచు స్ఫటికాల మధ్య సన్నటి ఉప్పునీటి నరాలుంటాయి, వాటిలో నత్రీకరణ బ్యాక్టీరియా కొద్దికొద్దిగా పని చేస్తూ వచ్చిందన్నది దానికి ఇచ్చిన వివరణ. అలాస్కా సముద్రపు నీటి నుంచి వచ్చిన నైట్రోసోమోనాస్ క్రయోటాలెరన్స్‌ను ల్యాబ్‌లో గడ్డకట్టించి చూస్తే నిజంగానే నైట్రస్ ఆక్సైడ్ వదిలింది. కెనడా ఉత్తరాన శాశ్వత హిమభూమి నుంచి తీసిన ప్లానోకాకస్ హాలోక్రయోఫిలస్ అయితే మైనస్ 15 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, మైనస్ 25 దగ్గర కూడా జీవక్రియ ఆపదు.

ఉత్తర ధ్రువం వైపు పరిస్థితి వేరు, అక్కడ సముద్రం ఉంది, గడ్డి ఉంది, జనం ఉన్నారు. గ్రీన్‌లాండ్ తీరపు బురదలో అమ్మోనియానూ నైట్రైట్‌నూ నేరుగా కలిపి నత్రజనిగా వదిలే అనమాక్స్ బ్యాక్టీరియా సున్నాకు దిగువన కూడా పనిచేస్తోందని 2004లో తెలిసింది. నాకు ఆందోళన కలిగించేది అక్కడి నేల గురించిన వార్త. ఆర్కిటిక్ గత నాలుగు దశాబ్దాల్లో మిగతా ప్రపంచం సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. గడ్డకట్టిన నేలలో వేల ఏళ్లుగా కుళ్లకుండా నిలిచిన మొక్కల అవశేషాలున్నాయి, వాటిలో నత్రజని ఉంది. అది కరిగితే బ్యాక్టీరియాకు కావలసినవి రెండూ ఒకేసారి దొరుకుతాయి, తిండి, తడి. 2009లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు రష్యా వాయవ్య టండ్రాలో, మొక్కలు మొలవని బోడి పీట్ నేలల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుండటం కొలిచారు. ఉష్ణమండల అడవుల నేలలతో పోల్చదగినంత వస్తోంది. పక్కనే మొక్కలున్న చోట్ల అంత లేదు. మొక్క ఉంటే నైట్రేట్‌ను తను తీసుకుంటుంది. తీసుకునేవాళ్లు లేని చోట అది బ్యాక్టీరియా వాటా అవుతుంది, సగం విరిగి గాలిలోకి లేస్తుంది. బోనీ సరస్సు తూర్పు పాయలో మంచు మూత కింద బందీగా ఉన్న వాయువే ఇది, ఇక్కడ పైన మూత లేదు.

నైట్రస్ ఆక్సైడ్ వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్నా 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గాలిలోకి వెళ్లాక వందేళ్లకు పైగా ఉంటుంది. ఓజోన్ పొరకు హాని చేసే వాయువుల్లో, ఈ శతాబ్దంలో మనుషులు వదులుతున్న వాటిలో, ఇదే పెద్దదని 2009లో చూపించిన బృందానికి నాయకుడు కర్ణాటకలో చదువుకుని అమెరికా వెళ్లిన ఎ.ఆర్. రవిశంకర. ఇప్పటికి మనుషుల వల్ల గాలిలోకి పోతున్న దానిలో ఎక్కువ భాగం వ్యవసాయానిది, మనం చల్లే యూరియాదీ పశువుల ఎరువుదీ. కరిగే హిమభూమి దానికి ఇంకెంత కలుపుతుందన్నది మొక్కలు ఎంత వేగంగా అక్కడికి చేరతాయన్న దాని మీద, నేల తడిగా నిలుస్తుందా ఆరిపోతుందా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అంటే మళ్లీ ఆ నాలుగు చుక్కలు, వాటికి దొరికే నీరు.

ఈ చలి నేలల సూక్ష్మజీవులను పరిశోధించడానికి కావలసిన ఏర్పాట్లు మన దేశానికి ఉన్నాయి. అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి స్థావరాలు ఉన్నాయి. ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి ఉంది. హిమాచల్‌లోని స్పితి లోయలో హిమాన్ష్ ఉంది. వీటన్నిటి పరిశోధనలనూ చూసుకునే జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం గోవాలో ఉంది. విశ్వవిద్యాలయాల, కళాశాలల పరిశోధకుల నుంచి ఆ కేంద్రం ప్రతిపాదనలు పిలుస్తుంది. మైక్రోబయాలజీ అంటే ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగమే అనుకునే తల్లిదండ్రులకూ పిల్లలకూ నా విన్నపం ఒక్కటే. ఎమ్మెస్సీలో చేరాక ఆ ప్రకటనల కోసం చూడండి, మీ మాస్టారినో మేడమ్‌నో వెంటబెట్టుకుని ఒక ప్రతిపాదన రాయండి. పంపండి.